ట్రెడ్ చూడడానికి ముందు సైడ్‌వాల్ చదవాలి

వెనుక ఎడమ చక్రం ఒక పలకరాయిని పక్కగా రాసుకుంటూ కిందికి దిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. పదడుగులు పోయాక వాహనం ఆ మూలకు ఒరిగినట్టు అనిపించి, ఆపి దిగి చూశాను. రిమ్ముకూ, నేలను తాకే ట్రెడ్‌కూ సరిగ్గా నడుమ, టైరు పక్కగోడ అయిన సైడ్‌వాల్ మీద బొటనవేలి పొడవున ఒక కోత ఉంది. దాని అంచులు కత్తితో కోసినంత నున్నగా ఉన్నాయి. లోపలి దారాల తెల్లని కొసలు బయటికి పొడుచుకు వచ్చాయి. అదే టైరు ట్రెడ్ మాత్రం ఇంకా పది మిల్లీమీటర్ల లోతుతో, కొత్తదానికి ఏమాత్రం తీసిపోకుండా ఉంది. ట్రెడ్‌లో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేసి ఆ టైరును మళ్ళీ వేల కిలోమీటర్లు నడపవచ్చు. సైడ్‌వాల్ తెగితే మరమ్మతు లేదు, టైరును పారేయవలసిందే. ఆ టైర్లను నేను ఎంచుకున్నది వాటి ట్రెడ్ చూసే అన్న సంగతి, ఆ రాతి బాట మీద జాకీ తిప్పుతున్నంతసేపూ నన్ను వదలలేదు.

తారు రోడ్డుకూ మట్టి, రాతి బాటలకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు కొనాలనుకున్నప్పుడు మన చూపు ముందుగా ట్రెడ్ మీదికే పోతుంది. దిమ్మలు ఎంత పెద్దవి, గాడులు ఎంత లోతు, ట్రెడ్ అంచులైన భుజాల దగ్గర పళ్ళు ఎంత గట్టిగా కనిపిస్తున్నాయి అని చూస్తాం, ఆ తరువాత మన వాహనానికి సరిపోయే వాటిలో వీలైనంత పెద్ద కొలత వెతుకుతాం, సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాల్లో ఏముందో చాలావరకు చదవకుండానే డబ్బు కట్టేస్తాం. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలన్నది నా వాదన. ముందు సైడ్‌వాల్ కట్టుబడి, తరువాత వాహనం మోసే బరువు, ఆ తరువాత కొలత, చిట్టచివర ట్రెడ్. నాకు జరిగిన ఒక్క నష్టాన్ని బట్టి ఈ మాట అనడం లేదు. రేడియల్ టైరును కట్టే తీరులోనే ఇందుకు కారణం ఉంది.

మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకోవడానికి ముందు వాడుకలో ఉన్న బయాస్ టైర్లలో, బలాన్నిచ్చే దారాల పొరలు ఐమూలగా ఒకదాన్నొకటి దాటుకుంటూ సైడ్‌వాల్ నుంచి ట్రెడ్ దాకా ఒకే తీరుగా పరుచుకుని ఉండేవి. అందువల్ల సైడ్‌వాల్ మందంగా, బిరుసుగా ఉండేది, వేగంగా పోతే టైరు బాగా వేడెక్కేది, రోడ్డు మీద తొందరగా అరిగేది. రేడియల్‌లో దారాలు ఒక బీడ్ (టైరును రిమ్ముకు పట్టి ఉంచే గట్టి అంచు) నుంచి రెండో బీడ్ దాకా నేరుగా అడ్డంగా సాగుతాయి. వాటి మీద ట్రెడ్ కింద మాత్రమే ఉక్కు తీగల బెల్టులు చుట్టి ఉంటాయి. దీనివల్ల సైడ్‌వాల్ తేలికగా వంగుతుంది, ట్రెడ్ నేలకు పరుచుకుని కదలకుండా ఉంటుంది, వేడి తగ్గి మన్నిక పెరుగుతుంది. బీఎఫ్‌గుడ్రిచ్ 1976లో తెచ్చిన రేడియల్ ఆల్ టెర్రైన్ టైరు ఈ కట్టుబడినే మట్టి బాటలకు తీసుకొచ్చింది. ఈనాడు మనం ఆల్ టెర్రైన్ అని పిలిచే తరగతి అంతా ఆ దారిలో పెరిగినదే. అయితే ఈ మేలుకు మనం ఇచ్చుకునే మూల్యం ఒకటుంది. ట్రెడ్‌కు కింద ఉక్కు కాపలా ఉంది. సైడ్‌వాల్‌కు ఉన్న కాపలా రెండు మూడు పాలియెస్టర్ పొరలు, వాటి మీద కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు, అంతే. రాయి కోసేది అక్కడే.

కాబట్టి టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి లైటు వాలుగా వేసి, రిమ్ముకు దగ్గరలో అచ్చు పోసిన చిన్న అక్షరాలను చదవమని నా మనవి. చాలా టైర్ల మీద అక్కడ రెండు వరుసలు కనిపిస్తాయి. ట్రెడ్ దగ్గర 2 పాలియెస్టర్, 2 స్టీల్, 1 నైలాన్ అని ఒక వరుస, సైడ్‌వాల్ దగ్గర 2 పాలియెస్టర్ అని ఇంకొక వరుస ఉంటాయి. ఈ రెండో వరుసలో 2కు బదులు 3 అని ఉంటే మీ చేతిలో ఉన్నది వేరే తరగతి టైరు. బయటికి ఒకే ట్రెడ్‌తో, ఒకే పేరుతో, ఒకే వెడల్పుతో అమ్ముడయ్యే టైర్లలో ఒక కొలతకు రెండు పొరలు, పక్క కొలతకు మూడు పొరలు ఉండవచ్చు. పేరును బట్టి ఇది తెలియదు, చదివితేనే తెలుస్తుంది.

ఇక్కడే ప్లై, అంటే పొర, అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. పది ప్లై టైరు అనగానే అందులో పది పొరలు ఉన్నాయనుకోవడం సహజం, కాని అవి పది ఉండవు. టైర్లను నూలు దారంతో కట్టిన రోజుల్లో అంత బరువు మోయడానికి అన్ని నూలు పొరలు కావలసి వచ్చేవి. ఆ లెక్క బరువు మోసే శక్తికి గుర్తుగా మిగిలింది తప్ప పొరల సంఖ్యగా మిగలలేదు. ఈనాటి లెక్కలో లోడ్ రేంజ్ సి అంటే ఆరు ప్లై రేటింగ్, లోడ్ రేంజ్ ఈ అంటే పది ప్లై రేటింగ్. లోపల ఉన్నవి మాత్రం రెండో మూడో పాలియెస్టర్ పొరలు, వాటి దారం మందం వేరు, రబ్బరు మందం వేరు.

నా రెండో తప్పు ఈ దశలో జరిగింది. సైడ్‌వాల్ తెగిన బాధతో, ఈసారి తెగని టైరు కావాలన్న పట్టుదలతో, కొలత పేరుకు ముందు ఎల్‌టీ అని ఉండే లైట్ ట్రక్ రకంలో, లోడ్ రేంజ్ ఈ టైర్లు నాలుగు వేయించుకున్నాను. నా వాహనం మధ్యరకంది. చాలా రోజులు అందులో ఇద్దరమే, కొద్దిపాటి సామానుతో తిరుగుతాం. ఆ టైర్లు రాళ్ళను లెక్కచేయలేదన్న మాట నిజమే. కాని గతుకుల మట్టి బాట మీద ప్రతి చిన్న రాయీ స్టీరింగ్‌లోకి, అక్కడి నుంచి మోచేతిలోకి వచ్చింది. గాలి పీడనాన్ని 20 పీఎస్‌ఐకి (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దించినా సైడ్‌వాల్ వంగడానికి మొరాయించింది. టైరు రాయి మీద పరుచుకోవలసిన చోట దాని మీద నుంచి జారిపోయింది. ఒక్కో టైరు పాతదానికంటే నాలుగైదు కిలోలు ఎక్కువ. ఈ బరువు వాహనంలో వేసుకున్న సామాను బరువు లాంటిది కాదు, స్ప్రింగుల కింద వేలాడుతూ ప్రతి గతుకుకూ పైకీ కిందికీ ఊగే బరువు. కదిలేటప్పుడు ఇంజను దాన్ని తిప్పాలి, ఆగేటప్పుడు బ్రేకు దాన్ని ఆపాలి, సస్పెన్షన్ దాన్ని నేలకు అదిమి పట్టాలి. బ్రేకు తొక్కినప్పుడు వాహనం ఇంతకు ముందు ఆగినంత చురుగ్గా ఆగడం లేదని మొదటి వారంలోనే గమనించాను, ఇంధనం ఖర్చు పెరిగిందని మొదటి నెలలో గమనించాను.

అంతకంటే ముఖ్యమైన విషయం గాలికి సంబంధించినది. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. 265/70ఆర్17 అనే ఒకే కొలతను తీసుకుందాం: వెడల్పు 265 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు. కార్ల లాంటి వాహనాలకు ఉద్దేశించిన ప్యాసింజర్ వర్గంలో ఈ టైరు మీద సాధారణంగా 115 అనే లోడ్ ఇండెక్స్ ఉంటుంది. అంటే ఒక్కో టైరు 1215 కిలోలు మోస్తుంది, అందుకు దాదాపు 36 పీఎస్‌ఐ గాలి చాలు. అదే కొలతలో ఎల్‌టీ రకం, లోడ్ రేంజ్ సి తీసుకుంటే లోడ్ ఇండెక్స్ 112, అంటే 1120 కిలోలు, అదీ 50 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పుడు. లోడ్ రేంజ్ ఈ అయితే 121, అంటే 1450 కిలోలు, కాని దానికి 80 పీఎస్‌ఐ కావాలి. మందంగా, బలంగా కనిపించే టైరు అదే గాలి దగ్గర తక్కువ బరువు మోస్తుందన్న మాట చాలామందికి నమ్మశక్యంగా ఉండదు; బరువును ప్రధానంగా మోసేది లోపలి గాలి అని గుర్తు తెచ్చుకుంటే, ఎల్‌టీ రకానికి లెక్కలో ఎక్కువ భద్రతా వ్యత్యాసం ఉంచుతారని కూడా తెలిస్తే, అందులో వింత కనిపించదు. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన స్టిక్కర్‌లోని గాలి సంఖ్య కంపెనీ వేసిన అసలు టైరు రకానికి లెక్క కట్టినది. టైరు రకం మార్చి, ఆ పాత సంఖ్య ప్రకారమే గాలి పట్టించి, వెనుక నిండా సామాను వేసి, ఎండలో హైవే వేగంతో గంటల తరబడి నడిపితే టైరు లోలోపల వేడెక్కుతుంది. ఎల్‌టీ వేసుకున్నవారు ఆ రకానికి సంబంధించిన బరువు, గాలి పట్టికను చూసి కొత్త సంఖ్యను నిర్ణయించుకోవాలి. ఈ ఒక్క పనిని దాటవేసేవారే ఎక్కువ.

అందువల్ల బలమైన సైడ్‌వాల్ అంటే అన్నిటికంటే బరువైన సైడ్‌వాల్ అని అర్థం చేసుకోకూడదు. వాహనం వెనుక నిత్యం నీళ్ళ డబ్బాలు, పనిముట్లు, పైన గుడారం మోస్తూ, పదునైన రాతి నేలలో రోజుల తరబడి తిరిగేవారికి లోడ్ రేంజ్ ఈ సరైనదే. వారంలో ఐదు రోజులు తారు రోడ్డు మీద, మిగతా రెండు రోజుల్లో మట్టి బాటలో తిరిగే మధ్యరకం వాహనానికి, అసలు టైరు లోడ్ ఇండెక్స్‌కు తగ్గకుండా ఉండే ప్యాసింజర్ రకం గాని, లోడ్ రేంజ్ సి గాని, వాటిలో భుజం దగ్గర మందమైన రబ్బరు, వీలైతే మూడో పొర ఉన్నవి చాలునని నా అభిప్రాయం. సి రేంజ్ టైర్లు అన్ని కొలతల్లో దొరకవు. దొరికే కొలత కోసం కొంత వెతకడం, కొంత ఆగడం మంచిదే.

కొలత దగ్గరికి వస్తే, ముందు రిమ్ము గురించి మాట్లాడాలి. 265/65ఆర్17 టైరు సైడ్‌వాల్ ఎత్తు 172 మిల్లీమీటర్లు. దాదాపు అదే మొత్తం వ్యాసంతో వచ్చే 265/50ఆర్20లో అది 132 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఆ పోయిన నలభై మిల్లీమీటర్లే రాయి దెబ్బను తాను తిని రిమ్మును కాపాడేవి, గాలి దించినప్పుడు వంగి నేలను పట్టుకునేవి. మీ వాహనం బ్రేకులకు 17 అంగుళాల రిమ్ము పట్టేట్టయితే, 20 అంగుళాల రిమ్ముకు దొరికే ఎంత ఖరీదైన ఆల్ టెర్రైన్ టైరు కంటే కూడా 17కు మారడమే పెద్ద మెరుగుదల.

వ్యాసం పెంచడం వేరే సంగతి. 265/65ఆర్17 వ్యాసం 776 మిల్లీమీటర్లు, 265/70ఆర్17 వ్యాసం 803. ఇరవై ఏడు మిల్లీమీటర్ల తేడాలో వాహనం కడుపు నేల నుంచి పైకి లేచేది సగమే, పదమూడు మిల్లీమీటర్లు. అందుకు బదులుగా స్పీడోమీటరు మూడున్నర శాతం వెనకబడుతుంది, అంటే ముల్లు 100 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం 103 దాటి ఉంటుంది. గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు భుజం మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకోవచ్చు. కొన్ని వాహనాలకు ఈ మార్పు హాయిగా సరిపోతుంది. రెండు అంచెలు పెంచడానికి మాత్రం సస్పెన్షన్, గేరింగ్, బ్రేకులు అన్నీ కలిపి ఆలోచించాలి.

వెడల్పు విషయంలో నేను చాలామందితో విభేదిస్తాను. గాలి దించినప్పుడు టైరు నేల మీద మోపే పాదముద్ర ముఖ్యంగా పొడవులో పెరుగుతుంది, వెడల్పులో కొద్దిగా మాత్రమే. ఇసుకలో మనల్ని తేల్చేది ఆ పొడవే. సన్నటి టైరు పలచని బురదను కోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది, తారు రోడ్డు మీద నిలిచిన నీటిని తేలికగా చీల్చుకుపోతుంది, బాట మీద రాళ్ళ మధ్య దారి చూసుకోవడానికి కాస్త చోటిస్తుంది. అడుగు దొరకని లోతైన బురద, మెత్తటి మంచు లాంటి చోట్ల వెడల్పుకు విలువ ఉంది. మిగతా చోట్ల కంపెనీ ఇచ్చిన వెడల్పును దాటి పోవడానికి అందం తప్ప గట్టి కారణం నాకు కనిపించలేదు.

ఇప్పుడు ట్రెడ్. దీన్ని చివరకు ఉంచమన్నాను కాని తేలిగ్గా తీసుకోమని అనలేదు. ఆల్ టెర్రైన్ ట్రెడ్‌ను పరీక్షించవలసిన చోటు బురద కాదు, వాన పడిన తారు రోడ్డు. బురదలో ఇరుక్కుంటే బయటపడడానికి సాయంత్రం దాకా సమయం ఉంటుంది; తడి రోడ్డు మీద ఎదురుగా ఎవరైనా అడ్డం వస్తే ఆ సమయం ఉండదు. పెద్ద దిమ్మలు, వెడల్పాటి గాడులు ఉన్న ట్రెడ్‌లో నేలకు తాకే రబ్బరు తక్కువ, పైగా బ్రేకు వేసినప్పుడు ఎత్తైన దిమ్మలు అటూ ఇటూ ఒరుగుతాయి. తడిలో పట్టు నిలిపేవి ఆ దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టుండే సైప్‌లు అనే సన్నని చీలికలు. అవి ఎన్ని ఉన్నాయో కాదు, ఎంత లోతు దాకా ఉన్నాయో చూడాలి. కొన్ని టైర్లలో ట్రెడ్ సగం అరిగేసరికి సైప్‌లు మాయమైపోతాయి; గాడులు ఇంకా లోతుగానే ఉన్నా ఆ టైరు తడి రోడ్డు మీద బిరుసెక్కిన దిమ్మల సముదాయంగా మిగులుతుంది. పలచని అట్టముక్కను చీలికలోకి దూర్చి, ఎంతవరకు దిగిందో పక్కనున్న గాడి లోతుతో పోల్చి చూసుకోవచ్చు.

రబ్బరు మిశ్రమం కళ్ళకు కనిపించదు కాబట్టి దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. కంకర మీద దిమ్మల అంచులు పెచ్చులూడకుండా గట్టిగా చేసిన మిశ్రమానికి తడి పట్టులో కొంత వెనకబడే స్వభావం ఉంటుంది. తడి కోసం సిలికా ఎక్కువగా కలిపిన మెత్తని మిశ్రమం పదునైన కంకర మీద తొందరగా పెచ్చులూడుతుంది. రెండూ ఒకే టైరులో నూటికి నూరుపాళ్ళు దొరకవు. మంచు కురిసే ప్రాంతాల వారికి ఒక్క మాట. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు ట్రెడ్ ఆకృతిని బట్టి తయారీదారు వేసుకునేవి. మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద ప్రామాణిక టైరుతో పోల్చి పరీక్షించాకే వస్తుంది. వెతకవలసింది ఆ రెండో గుర్తు.

ఎంత మంచి టైరు ఎంచుకున్నా దాన్ని 35 పీఎస్‌ఐతో రాతి బాటకెక్కిస్తే ఆ ఎంపిక సగం వృథా. గాలి దించిన టైరు రాయి చుట్టూ పరుచుకుంటుంది, బిగుతుగా ఉన్న టైరు రాయి మొన మీద నిలబడుతుంది. కంకర బాటకు పావు వంతు దించితే సరిపోతుంది, ఇసుకకు 15 నుంచి 18 దాకా పోవచ్చు, అంతకంటే దిగువకు పోతే మామూలు రిమ్ము మీద నుంచి బీడ్ ఊడే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, నా టైరు తెగింది అందువల్లే. గాలి దించినప్పుడు సైడ్‌వాల్ పొట్టలా బయటికి ఉబ్బుతుంది. ట్రెడ్‌ను కాపాడుతున్న అదే పని సైడ్‌వాల్‌ను రాళ్ళకు ఎదురుగా పెడుతుంది. ఆనాడు నేను 18కి దించి, పలకరాళ్ళ పక్కగా, రాయి మీదికెక్కకుండా తప్పించుకుంటూ నడిపాను. చేయవలసింది అందుకు సరిగ్గా వ్యతిరేకం. పలకరాయిని పక్కన రాసుకోనివ్వకుండా చక్రాన్ని దాని మీదికే ఎక్కించి, ఉక్కు బెల్టులున్న ట్రెడ్‌తో తొక్కించాలి. దీనికి కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే చాలదు. ఒకరు దిగి ముందు నడుస్తూ చక్రానికి దారి చెప్పాలి. ఇక వాహనంలో గాలి పట్టే కంప్రెసర్ లేనివారు గాలి దించకూడదు, ఎందుకంటే ఆ తక్కువ గాలితో తిరిగి హైవే వేగం అందుకుంటే టైరు లోపలి దారాలు వేడికి దెబ్బతింటాయి, ఆ దెబ్బ ఆ రోజు కనిపించదు.

కొనే ముందు డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివరి నాలుగు అంకెలు చూడాలి. 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఈ వరుస టైరుకు ఒక వైపే పూర్తిగా ఉంటుంది కాబట్టి రిమ్ముకు ఎక్కించక ముందే రెండు వైపులా తిప్పి చూడడం మేలు.

చివరిగా స్టెప్నీ. ఆ రాతి బాట మీద నేను దించి బిగించిన స్టెప్నీ కంపెనీ ఇచ్చిన పాత కొలతది, మిగతా మూడింటికంటే వ్యాసంలో ఇరవై ఏడు మిల్లీమీటర్లు తక్కువ. వెనుక ఇరుసు మీద ఒక పక్క పెద్ద చక్రం, ఒక పక్క చిన్న చక్రం ఉన్నప్పుడు రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు నిద్ర ఉండదు, దాన్ని లాక్ చేసే వీలూ ఉండదు. ఎక్కవలసిన దారి ఇంకా సగం మిగిలి ఉండగా, లాక్ లేకుండా పైకి పోయే ధైర్యం చాలక, వచ్చిన దారినే కిందికి దిగి వెళ్ళిపోయాం. ఇప్పుడు వాహనానికి ఉన్నవి లోడ్ రేంజ్ సి టైర్లు, స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే కొలత, ఒకే ట్రెడ్, సైడ్‌వాల్‌లో మూడు పొరలు. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ఐదింటినీ వరుస మారుస్తున్నాను. మొన్న నాలుగోసారి మార్చినప్పుడు ట్రెడ్ లోతు కొలిస్తే అన్నిటికంటే తక్కువ ఉన్నదానికీ అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానికీ అర మిల్లీమీటరు తేడా వచ్చింది. సైడ్‌వాల్‌ల మీద రాళ్ళు గీసిన తెల్లని చారలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి తడిమి చూశాను, ఏదీ దారాల దాకా దిగలేదు.